ఎండకు తేరిన నూనె

అత్తగారు మునిరత్నమ్మ మీద కల్పనకు ఉన్నది ఒకే ఒక్క ఫిర్యాదు. ఆవిడకు మౌనవ్రతం చేయడం సరిగ్గా రాదు.

వ్రతం పట్టి పదకొండు రోజులైంది. ఈ పదకొండు రోజుల్లో ఆవిడ కోడలితో ఒక్క మాట మాట్లాడలేదన్నది నిజమే. కానీ కల్పన వంటింట్లో ఉంటే కుక్కరుతో మాట్లాడేది. "ఏమమ్మా, మూడు విజిల్లు చాలవా నీకు? పప్పు గంజి అయిపోవాల్నా?" అనేది. కల్పన బట్టలు ఆరేస్తుంటే దండెంతో మాట్లాడేది. "పాపం, తడి చీరలన్నీ ఒక పక్కకే ఏస్తే నీ నడుం ఇరిగిపోదా?" అనేది. కల్పన చేసే తప్పులు తెలియని సామాను ఆ ఇంట్లో ఇక మిగల్లేదు.

ఆ గురువారం పొద్దున గోడ గడియారం వంతు వచ్చింది.

"రెండున్నరకంట. అప్పుడు ఆడ పన్నెండంట. పన్నెండుకు పేపరు మింద సంతకం పెడుతుందంట మహాతల్లి."

మహాతల్లి అంటే లత. మునిరత్నమ్మ పెద్ద కూతురు, కల్పనకు ఆడపడుచు. కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. రెండేళ్ళ తర్వాత వచ్చే నెలలో సెలవు మీద రావాలి. ఆ ఇంటి మేడం టికెట్ కూడా తీసిపెట్టింది. అలాంటిది పదకొండు రోజుల కిందట తల్లి ఫోన్లో అన్న మాటకు లత ఒకే ఒక్క వాయిస్ మెసేజి పెట్టింది. అదీ తల్లికి కాదు, కల్పనకు.

"నేను రాను కల్పనా. ఇంకో రెండేండ్లు ఈడనే ఉంటానని చెప్పేసినాను. గురువారం మధ్యాన్నం మేడం పేపరు తెస్తాది. స్వర్ణను బాగా చూసుకో."

ఆ తర్వాత తల్లి ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు.

స్వర్ణ లత కూతురు. నాలుగో ఏట తండ్రి పోయినప్పటి నుంచీ పుంగనూరులోనే, అవ్వ దగ్గరే పెరుగుతోంది. యూనిఫాం వేసుకుని, జడ సగమే అల్లుకుని వచ్చి, మడిచిన ఓణీని అవ్వ ఒళ్ళో పెట్టింది.

"ఇది బీరువాలో పెట్టేయవ్వా. అమ్మ వచ్చినాక కట్టుకుంటా."

"ఓణీల ఫంక్షన్ అయిపాయ గదే. మళ్ళా ఎవురు జేస్తారు?"

"అమ్మ లేని ఫంక్షన్ అయింది. అమ్మ ఉండే ఫంక్షన్ ఇంకా కాలేదు గదా."

ఆ పిల్ల అన్నం డబ్బా తీసుకోకుండానే బడికి వెళ్ళిపోయింది. మునిరత్నమ్మ ఓణీని ఒళ్ళోంచి తీయలేదు. ఈసారి గడియారానికి కూడా ఏమీ చెప్పలేదు.

అసలు మంట పుట్టింది ఆ ఫంక్షన్ రోజే. నెల దాటితే పిల్లకు పద్నాలుగు వస్తాయి, సరిసంఖ్య మంచిది కాదు అని తల్లి వచ్చేదాకా ఆగకుండా ముహూర్తం పెట్టేశారు. తల్లి రాకపోయినా తల్లి పంపిన నూనె అయినా బిడ్డ మాడుకు తగలాలని మునిరత్నమ్మ పట్టుబట్టింది. రెండేళ్ళ కిందట లత పంపిన ఆలివ్ నూనె సీసా షోకేసులోంచి దిగింది. అందరి ఎదుటా మూత తీశారు.

కనరు వాసన గుప్పుమంది. నిరుడు వేయించి మరిచిపోయిన అప్పడాల డబ్బా తెరిచినట్టు.

పీట చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. కుప్పం నుంచి వచ్చిన మునిరత్నమ్మ చెల్లెలు సుశీలమ్మ పకపకా నవ్వింది. "ఆ కువైటోల్లు పారబోసేది మన లతమ్మ సీసాకు పట్టి పంపిచ్చినట్టుండాదే!"

మునిరత్నమ్మ నవ్వలేదు. లోపలికి పోయి, తలుపేసుకుని, అదే మాటను కూతురికి ఫోన్లో అప్పజెప్పింది. "వాల్లు పారేసిన నూనె నా మనవరాలి నెత్తికి పంపిస్తావా? నలుగుర్లో నా ముక్కు కోస్తివే!" అంది. అవమానం చేసింది చెల్లెలు. దెబ్బ తగిలింది కూతురికి.

ఆ రోజు కల్పన అన్నది ఒకే మాట. "ఎండ తగిలి చెడి ఉంటాదత్తా."

మౌనవ్రతం మొదలైంది ఆ మాట దగ్గరే.

ఎందుకంటే మునిరత్నమ్మ సోమలలో గానుగ ఇంట పుట్టింది. ఆమె తండ్రి కొత్తగా ఆడిన శనగ నూనెను మూడు దినాలు ఎండలో పెట్టి, మడ్డి అడుక్కు దిగి నూనె పైకి తేరాకే అంగడికి పంపేవాడు. కువైట్ నుంచి వచ్చిన సీసాలో నూనె పచ్చగా, మబ్బుగా ఉండేసరికి, ఇదీ అంతేననుకుని షోకేసు పై అరలో, తూర్పు కిటికీకి ఎదురుగా పెట్టింది. ఏడాది తిరిగేసరికి నూనె తేరింది. బంగారు రంగు వచ్చింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చూపించింది. గ్యాస్ బండ తెచ్చిన మనిషి కూడా చూడక తప్పలేదు.

నిన్నగాక మొన్న వచ్చిన కోడలు, తొమ్మిదేళ్ళంటే ఆవిడ లెక్కలో నిన్నగాక మొన్నే, ఎండకు నూనె చెడుతుందని గానుగ ఇంటి బిడ్డకు చెప్పడమా?

కల్పన భర్త లోకనాథ్ ఈ విషయంలో ఏమీ అనలేదు. కుప్పంలో లెక్చరరు. ఇంట్లో గొడవ మొదలైన ప్రతిసారీ ఆయన కాలేజీలో పరీక్షలు మొదలవుతాయి.

కల్పనకు గుర్తొచ్చింది ఇంకో సీసా. రెండేళ్ళ కిందట లత పంపినవి రెండు. ఒకే అట్టపెట్టెలో వచ్చాయి. ఒకటి అమ్మకు, ఒకటి కుప్పం పిన్నమ్మకు. పెళ్ళికి ముందు కల్పన నాలుగేళ్ళు పనిచేసిన నూనెల పరీక్ష ల్యాబ్ మదనపల్లెలో ఇంకా ఉంది. అప్పట్లో ఆమె కింద పని నేర్చుకున్న రేఖ ఇప్పుడు అక్కడ పెద్ద దిక్కు. రేఖకొకటి, సీసా తెమ్మని కుప్పానికొకటి, రెండు ఫోన్లు చేస్తే సరిపోయింది. రిపోర్టు తన పేరు మీద రాయించి, ఫీజు కట్టి, ఈ గురువారం మధ్యాహ్నం టైము తీసుకుంది.

షోకేసు సీసా పెట్టిన సంచీ భుజాన వేసుకుని చెప్పులు తొడుక్కుంటుంటే వెనక నుంచి మాట వినిపించింది.

"నేనూ వస్తానని చెప్పు."

మునిరత్నమ్మ చెబుతున్నది గడియారానికి. గడియారం ఏమీ అనలేదు కాబట్టి, కల్పనే ఇంకో జత చెప్పులు తీసి గుమ్మం ముందు పెట్టింది.

*

మదనపల్లె బస్టాండులో సుశీలమ్మ అప్పటికే దిగి ఉంది. చంకలో సంచీ, సంచీ మీద రెండు చేతులు.

"ఇట్లా ఇవ్వండి చిన్నత్తా, నేను పట్టుకుంటా."

"ఒద్దులేమ్మా. నా సీసా నా చేతిలోనే ఉంటాది. దోవలో ఎవురన్నా పట్టుకోని ఉరికితే?"

"ఆలివ్ నూనె సీసా కోసం ఎవరు ఉరుకుతారు?"

"నీకు తెలీదు. కుప్పంలో నా ఆడబిడ్డ రెండేండ్ల నుంచీ దీన్ని అడగతానే ఉండాది. చీర కింద చీర పెట్టి ట్రంకు అడుగున దాసినాను. ఎవురి కంటా పడనీలే."

మునిరత్నమ్మ మొహం తిప్పుకుంది. "నలుగురికి సూపిచ్చే గుణం యాడిది దానికి," అంది, ఆటో హారన్‌తో.

ల్యాబ్ ఊరి చివర, టమాటా లారీలు మలుపు తిరిగే చోట, మేడ మీద. తలుపు తీయగానే ఆ వాసన వచ్చింది. స్పిరిటు, వేడెక్కిన గాజు, ఎక్కడో ఒక మూల వేయించిన శనక్కాయలు. కల్పన గుమ్మంలో ఒక్క క్షణం ఆగిపోయింది. ఎవరన్నా చూస్తే చెప్పు తెగిందనుకోవాలని కిందకు వంగి, తెగని చెప్పును సర్దుకుంది.

"రాండి మేడం," అంది రేఖ.

"మేడం ఏంది రేఖా? ఇప్పుడు నువ్వే కదా మేడం."

"బ్యూరెట్టు పట్టుకోవడం నేర్పినది మీరు. ఆ లెక్క ఎప్పటికీ మారదులే." రేఖ గోడకున్న తెల్లకోటు తీసి చేతికిచ్చింది. "మీరే చేయండి. నేను పక్కన నిలబడి చూస్తా. చేతులు మరిచిపోయినాయో లేదో."

పెద్దవాళ్ళిద్దరినీ ముందు గదిలో, అద్దం గోడ అవతల కూర్చోబెట్టారు. టీవీ చూసినట్టు వాళ్ళు లోపలికి చూస్తున్నారు. ఒక బల్ల మీద రెండు సీసాలు. పుంగనూరుది బంగారంలా మెరుస్తోంది. కుప్పంది ఇంకా పచ్చగా, మబ్బుగా, వచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

"సూడు, నాదే బాగుండాది," అంది మునిరత్నమ్మ అద్దంతో.

మొదటి పరీక్షకు ఎక్కువ సేపు పట్టలేదు. నూనె ఎంత పాడైందో లెక్క చెప్పే పరీక్ష అది. పాడైన కొద్దీ గాజుకుప్పెలో నీలం రంగు చిక్కబడుతుంది. పైనున్న బ్యూరెట్టు గొట్టంలోంచి మందు చుక్క చుక్కగా వదిలి, ఆ నీలం విరిగేదాకా లెక్కపెట్టాలి. కల్పన వేళ్ళు ఆ గొట్టం కుళాయి మీద పడ్డాయి. తొమ్మిదేళ్ళు చపాతీలు వత్తిన వేళ్ళు. వాటికేమీ గుర్తు చేయాల్సిన పని లేకపోయింది.

కుప్పం నూనెకు కొన్ని చుక్కలకే నీలం పోయింది. పుంగనూరు నూనెకు పోస్తూనే ఉంది. అద్దం అవతల సుశీలమ్మ గట్టిగా లెక్కపెట్టడం మొదలెట్టి, నలభై దాటాక విసిగి మానేసింది.

"మంచి నూనెకు ఇరవై దాటకూడదు," రేఖ లెక్క కట్టి చెప్పింది. "పచ్చది పదమూడు. బంగారంది నలభై ఏడు."

రెండో పరీక్ష కల్పనకు ఇష్టమైనది. నూనె చెడకుండా కాపాడే సత్తువ నూనెలోనే కొంత ఉంటుంది. యాంటీ ఆక్సిడెంట్లంటారు. ఆ సత్తువ ఇంకా మిగిలుందో లేదో ఊదారంగు ద్రావణం ఒకటి చెబుతుంది. సత్తువ ఉంటే ఊదా విరిగి పసుపవుతుంది. లేకపోతే ఊదా ఊదాగానే ఉండిపోతుంది. రెండు గాజు గొట్టాల్లో కలిపి, చెక్క అలమరలో పెట్టి తలుపు మూసింది.

"అరగంట చీకట్లో ఉండాలి," అంది బయటికొచ్చి.

గడియారం ఒకటీ నలభై ఎనిమిది చూపిస్తోంది.

"అరగంటే? నా ట్రంకులో రెండేండ్లు చీకట్లోనే ఉండాది గదా," అంది సుశీలమ్మ.

మునిరత్నమ్మ కోడలిని తలనుంచి కాళ్ళ దాకా చూసింది.

తర్వాత అంది. "ఆ కోటు నీదేనా?"

కల్పన చుట్టూ చూసింది. దగ్గర్లో కుక్కరు లేదు. దండెం లేదు. ఆ మాట తనకే.

"రేఖది అత్తా. నాది ఎప్పుడో పాతగుడ్డలకు పోయింది."

"నీకోసం కుట్టినట్టుండాది."

పదకొండు రోజుల తర్వాత వచ్చిన మొదటి మాట. కల్పన కోటు గుండీ ఒకటి ఊడదీసి మళ్ళీ పెట్టుకుంది.

"నువ్వు యాల దాసినావే సుశీలా?" అంది మునిరత్నమ్మ ఉన్నట్టుండి. "వాడుకోనుండొచ్చు గదా?"

"వాడితే అయిపోతాది గదక్కా."

"నేనూ వాడలే."

"నువ్వు వాడకపోయినా వాడినట్టే. ఊరంతా సూసె."

"అవును. సూపిచ్చుకుంటి. నా బిడ్డ పంపిచ్చిందని సూపిచ్చుకుంటి. దాంట్లో తప్పేముండాది?"

"సూపిచ్చుకోని ఏం బావుకుంటివి?"

మునిరత్నమ్మ గబుక్కున లేచింది. కొట్టడానికేమో అని సుశీలమ్మ సంచీ ఎత్తి అడ్డం పెట్టుకుంది. కానీ ఆవిడ కిటికీ దాకా నడిచి, అక్కడే ఆగిపోయింది. కింద టమాటా లారీ ఒకటి వెనక్కి వస్తూ కుయ్‌కుయ్ మంటోంది. అది పూర్తిగా ఆగాక మాట్లాడింది.

"పొద్దున ఏడు గంటలకు ఎండ ఆ సీసాలోంచి దూరి గోడ మింద పడేది. పచ్చంగా, అరచెయ్యంత. ఈడ ఏడైతే ఆడ నాలుగున్నర. అది నాలుగున్నరకే లేస్తాది, రొట్టెలకు. గోడ మింద పచ్చ పడిందంటే, ఆఁ, లత లేసి ఉంటాది, మొకం కడుక్కుంటాంటాది అనుకునేదాన్ని. దినామూ ఫోన్ జేస్తే మేడం అరుస్తాదంట. సీసాను సూస్తే ఎవురు అరుస్తారు?"

సుశీలమ్మ సంచీ కిందికి దించింది.

"పోను పోను ఆ పచ్చదనం పోయి పసుపాయ. తేరింది అనుకుంటి. మా నాయన ఉండుంటే మెచ్చుకునేటోడు అనుకుంటి." ఆవిడ వెనక్కి తిరిగింది. "నువ్వు సదువుకున్నదానివి. ఈ కోటు ఏసుకున్నదానివి. నీకు తెలీలేదా మే?"

కల్పన ఈ ప్రశ్న కోసం పదకొండు రోజులుగా భయపడుతోంది.

"తెలుసత్తా. ఎండ తగిలితే పాడైతాదని బాగా తెలుసు. ప్రతి శుక్రవారం ఆ సీసా తుడిచింది నేనే. పేరు కనిపించేటట్టు ఎండ పక్కకు తిప్పిపెట్టింది కూడా నేనే. ఇంకొకరింట్లో అయితే కాలు పెడుతూనే చెప్పుండేదాన్ని, లోపల పెట్టండని." ఆమె ఆగింది. "మన ఇంట్లో అది నూనె అన్న సంగతే మరిచిపోయినాను. స్వర్ణ బడికి పోతూ దానికి టాటా చెప్పేది కదా."

లారీ వెళ్ళిపోయింది. ఇంకో లారీ వచ్చింది.

రెండూ పద్దెనిమిదికి రేఖ అలమర తలుపు తీసింది. ఈసారి పెద్దవాళ్ళను కూడా లోపలికి రమ్మంది.

ఒక గొట్టంలో పసుపు నీళ్ళంత లేత పసుపు. రెండో దానిలో నేరేడు పళ్ళు కడిగిన నీళ్ళలాంటి ఊదా. పోసినప్పుడు ఎలా ఉందో ఇంచుమించు అలాగే.

"ఏది నాది?" అంది మునిరత్నమ్మ.

"ఊదాది అత్తా."

"రంగు దిగలేదే."

"దించే సత్తువ నూనెలో మిగల్లేదు. చిన్నత్త సీసాలో ఉంది. దిగిపోయింది."

"రెండూ ఒక పెట్టెలోనే వచ్చినాయి గదా?"

"అడుగున నంబరు చూడండి. ఒకటే."

మునిరత్నమ్మ రెండు సీసాలనూ ఎత్తి అడుగున వేలితో తడిమింది. ఆవిడకు ఇంగ్లీషు అంకెలు వచ్చు. ఒక్కో అంకెనూ పెదాలతో చదువుకుంది. ఒకసారి కాదు, రెండుసార్లు. బంగారు సీసాను కింద పెట్టింది. పచ్చ సీసాను మాత్రం చేతిలోనే ఉంచుకుని కిటికీ వెలుతురుకు ఎత్తబోయి, సగంలో ఆగి, చటుక్కున కొంగు కింద దాచింది.

"అక్కా, అది నాది," అంది సుశీలమ్మ మెల్లగా. ఎందుకో గట్టిగా అడగలేకపోయింది.

కల్పన అప్పటికే ఫోన్ తీసింది. రెండూ ఇరవై మూడు.

మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి అవతల నుంచి కట్ చేశారు. మూడోసారి ఎత్తారు. కల్పన స్పీకరు నొక్కింది. వెనక ఏదో మిక్సీ తిరుగుతున్న శబ్దం.

"కల్పనా, పని మింద ఉండాను. మేడం పేపరు తెచ్చి బల్ల మింద పెట్టింది. పెన్నూ నా చేతిలోనే ఉండాది. బిన్నా చెప్పు, టైము లేదు."

"వదినా, ఒక్క నిమిషం. నూనెను ల్యాబ్‌లో..."

చేతిలోంచి ఫోన్ ఎవరో లాక్కున్నారు.

"తిన్నావా మే?" అంది మునిరత్నమ్మ.

అవతల మిక్సీ ఆగింది.

"ఆడ ఎండలు ఎక్కువగా ఉండాయంట గదా. టీవీలో చెప్పినారు."

జవాబు రాలేదు.

"స్వర్ణ ఓణీ మడిచి నాకిచ్చేసింది. అన్నం డబ్బా కూడా తీసకపోలే."

ఊపిరి ఒకటి వినిపించింది. లతదో, ఫోన్‌దో తెలియలేదు. కల్పన గోడ గడియారం వైపు చూసింది. రెండూ ఇరవై ఆరు. అత్తగారు ఇట్లాగే ఎండల గురించీ, అన్నం డబ్బా గురించీ మాట్లాడుతూ ఆ నాలుగు నిమిషాలూ దాటించేస్తుందని భయమేసింది. ఇప్పుడు ఇక్కడొక కుక్కరు ఉంటే బాగుండు, ఆ మాట దానితోనైనా చెప్పేసేది కదా అనుకుంది.

"అమ్మా," అంది లత. గొంతు పొడిగా ఉంది. "మేడం పిలస్తాండాది. పెట్టేస్తా."

"పెట్టొద్దు."

"ఏం పెట్టొద్దు? ఫోనా, సంతకమా?"

మునిరత్నమ్మ కొంగు కింద పచ్చ సీసాను ఇంకా గట్టిగా పట్టుకుంది. సుశీలమ్మ మొదటిసారి తన సంచీని వదిలేసి వచ్చి, అక్క భుజం మీద చెయ్యి వేసింది.

"సంతకం నీ ఇష్టం. నేనేం చెప్పను. ఒక్క మాట ఇనేసి పెట్టేయి." ఆవిడ ఫోన్‌ను నోటి దగ్గరకు తెచ్చుకుంది. ఈసారి గడియారం వైపు చూడలేదు. "నువ్వు మంచి నూనెనే పంపిచ్చినావు లతా. ఈడ పరీచ్చ జేసినారు, నా కండ్లతో నేను సూసినా. ఎండలో పెట్టి చెడగొట్టింది నేను. చెడగొట్టి, నిన్నంటి. నలుగుర్లో నవ్వినారని నిన్నంటి. నాదే తప్పు మే. నేననింది తప్పు."